నేరేడు చెట్టు నిలబడ్డ చోటు

సంతోషమ్మకు ఆ పేరు పెట్టిన పాదిరి ఎవరో గాని, ఆయనకు ముందుచూపు లేదని ఇబ్రహీంపట్నం మిషను వాడలో అందరూ అనుకునేవారు. పిల్లకు కోపం ముక్కు మీదే ఉండేది. ఇరవై రెండేళ్లొచ్చి, మిషను బడిలో చిన్నపిల్లలకు అక్షరాలు దిద్దించే పంతులమ్మ అయ్యాక కూడా అది తగ్గలేదు. జీతం లేని ఇంకో కొలువులా దాన్నీ నమ్మకంగా చేసుకుంటూ వచ్చింది. నన్నడిగితే ఆమె కోపంలో తప్పేమీ లేదు. దొర ఉండే కోటలాంటి ఇల్లు, గడీ ముందు నుంచి పోయేటప్పుడు చెప్పులు చేతిలో పట్టుకుని నడవాల్సిన రోజుల్లో, కోపం రానివాళ్లనే దవాఖానకు తీసుకుపోయి చూపించాలి.

ఆ కోపిష్టి పిల్లకు బొమ్మలు గీయడం నేర్పింది ఎడిత్ దొరసాని. బడికి పెద్ద ఆమే. సన్నగా, పొడుగ్గా, ఎండకు కందిపోయిన మొహంతో ఉండేది. ఆమె దగ్గర ఒక పాత పుస్తకం ఉండేది. రాగిరేకు మీద సూదితో గీసి, ఘాటు ద్రావకంలో ముంచి, సిరా పూసి అచ్చు తీసిన చెట్లూ కొండలూ వాగులూ అందులో ఉండేవి. ఒక్క రంగు లేదు, అన్నీ గీతలే. రాగిరేకులు మనకు లేకపోతేనేం, పాళీ ఉంది, నల్ల సిరా ఉంది అని, ఆ అచ్చుబొమ్మల తీరునే దొరసాని కాగితం మీద నేర్పింది.

మొదటి మూడు నెలలు చెట్టు ఊసే లేదు. గీతలు. పక్కపక్కన, సమానమైన ఎడంతో, వణుకు లేకుండా గీతలు. కాస్త నీడ కావాలంటే ఒక వరస. ముదురు నీడ కావాలంటే దాని మీద అడ్డంగా ఇంకో వరస. చీకటి కావాలంటే ఏటవాలుగా మూడోది. వెలుతురు కావాలంటే మాత్రం ఏమీ గీయకూడదు, కాగితాన్ని అలాగే వదిలెయ్యాలి. సిరా పడ్డాక చెరపడానికి లేదు. సంతోషమ్మ ఎన్ని కాగితాలు చించిందో, ఎన్ని పాళీల ముక్కులు వంచిందో! నాటు వేసే ఆడవాళ్లను చూసి కుళ్లుకునేది. వాళ్ల వరస తప్పితే సరిచేసుకోవచ్చు, తన వరస తప్పితే పొద్దుటి నుంచి చేసిందంతా పొయ్యిలోకే.

తర్వాత చెట్లు వచ్చాయి. ఆ పుస్తకంలోని చెట్లేమో ఆమె ఎన్నడూ చూడనివి. ఉంగరాలు తిరిగిన ఆకులు, వంకీలు తిరిగిన కొమ్మలు. వాటినే చూసి చూసి, ఒకనాడు తమ చేను గెట్టు మీది అల్లనేరేడును గీసి తండ్రికి చూపించింది. ఎల్లయ్య కాగితాన్ని అటు తిప్పి ఇటు తిప్పి చూశాడు.

"మంచిగనే ఉంది బిడ్డా. ఏ ఊరి చెట్టిది?"

ఆ మాటకు ఆమె ఆ రోజంతా అన్నం తినలేదు. తండ్రి మీద కాదు కోపం, తన మీద. పుట్టినప్పటి నుంచి కింద కూర్చుని పండ్లు తిన్న చెట్టును తన చెయ్యే గుర్తుపట్టలేదు. మర్నాటి నుంచి బడి వదలగానే చేనుకు ఎదురుగా ఉన్న పెద్దబండ ఎక్కి కూర్చోవడం మొదలుపెట్టింది. నేరేడుకు ఆకు ఆకూ గీస్తే గంపెడు చెత్తలా కనబడుతుందని, ఆకుల గుంపుల కింది నీడ గీస్తే ఆకులు వాటంతటవే వస్తాయని అక్కడే తెలుసుకుంది. మానుకు నిలువు గీతలు వేస్తే రేకుడబ్బాలా ఉంటుంది, చుట్టూ తిప్పి వేస్తే గుండ్రం తిరుగుతుంది. ఇది పుస్తకం చెప్పలేదు, దొరసాని చెప్పలేదు. చెట్టే చెప్పింది. సంతోషమ్మ జీవితంలో కోపం లేకుండా గడిచిన సాయంత్రాలు ఏవైనా ఉన్నాయంటే అవే.

ఆ నేరేడు ఉత్త చెట్టు కాదు. ఎల్లయ్య రెండెకరాలకూ, బాల్‌రెడ్డి దొర చేనుకూ నడుమ హద్దు అదే. బండ మీద కూర్చుని చూస్తే, దూరంగా గుట్ట మీద గుండ్రటి పెద్ద రాయి, దాన్నే గుండంటారు, దానికి సరిగ్గా కింద చెట్టు. దానికి కుడిపక్క దొర మోటబావి. అటు బావి, ఇటు ఎల్లయ్య జొన్న, నడుమ గెట్టు.

బొమ్మ సగానికి వచ్చాక దొరసాని ఒకసారి బండ ఎక్కి వచ్చింది. ఎదుట ఉన్నదాన్ని చూసింది, కాగితం చూసింది, పెదవి విరిచింది.

"గుండు చెట్టుకు టోపీ పెట్టినట్టు ఉన్నది. బాగా లేదు. చెట్టును కుడికి జరుపు. ఆ బావి, మోట, ఎద్దులు వద్దు. అందము కాదు."

"చెట్టు గక్కడ లేదు దొరసాని. గక్కడ బాయుంది."

"బొమ్మలో దేవుడివి నువ్వే సంతోషమ్మా. జరుపు."

సంతోషమ్మకు కోపం వచ్చింది. కొత్త కాగితం తీసి, పళ్లు కొరుకుతూనే జరిపింది. అసలు చిక్కు ఏమిటంటే, జరిపాక బొమ్మ నిజంగానే అందంగా కుదిరింది. పట్నంలో ఏదో ప్రదర్శనకు పోయి, మెప్పు పొంది, అద్దం కట్టించుకుని వచ్చి బడి గోడకెక్కింది. ఏడాదిన్నర పాటు రోజూ దాని కిందే నిలబడి పాఠం చెప్పింది. చూసి చూసి, ఆ చెట్టు ఉండేది అక్కడేనని ఆమె కళ్లే నమ్మేశాయి. మెప్పు అలాంటిది. పొగిడిన అబద్ధం నిజం కంటే తొందరగా ఒంటపడుతుంది.

సర్కారు లెక్కలో పదమూడు వందల యాభై ఫసలీలో, అంటే ఇంగ్లీషు లెక్కకు పందొమ్మిది వందల నలభైలో, కోతల పండుగ ఆదివారం నాడు ఆ చెట్టును కొట్టేశారు. ఏడాదికొక్కసారి వాడంతా కొత్త గింజలు మూటగట్టుకుని గుడికి పోయి, పొద్దుటి నుంచి పొద్దు వాలేదాకా అక్కడే ఉండే రోజది. ముసలీ ముతకా, చంటిపిల్లలతో సహా వాడలో ఒక్క ప్రాణి మిగలదు. దొర మనుషులు ఆ రోజే ఎంచుకున్నారు. లోపల వీళ్లు చేతులెత్తి పాటలు పాడుతుంటే, బయట వాళ్లు గొడ్డళ్లు ఎత్తారు. కొట్టి, మొద్దు పెకలించి, గుంత పూడ్చి, గెట్టు చెదరగొట్టి, ఆరు నాగళ్లతో రెండు సాళ్లు దున్ని, పదిహేను గుంటలు, అంటే ఎకరంలో మూడో వంతు పైనే, ఎల్లయ్య చేనులోకి జరిపి కొత్త గెట్టు పెట్టేశారు. సాయంత్రం ఎల్లయ్య వచ్చి చూస్తే చెట్టు లేదు, నీడ లేదు, పండి రాలిన ఆకు కూడా లేదు. అక్కడే కూలబడ్డాడు.

"నీ దేవునికి దండం పెట్టుకుంట కూసున్నం బాపు. గా దేవుడన్న చూసిండో లేదో!" అని సంతోషమ్మ అరిచిన అరుపు వాడ దాకా వినబడింది. తండ్రి ఆమె నోరు మూయబోయాడు గాని, ఆ నోరు మూయడం ఎవరి తరం?

మర్నాడు తండ్రీ కూతుళ్లు పట్వారీ రామచంద్రయ్య అరుగు ముందు నిలబడ్డారు. ఊరి భూముల లెక్కలూ నక్షాలూ అన్నీ ఆయన పెట్టెలోనే ఉండేవి. ఆ పెట్టె తాళం మాత్రం దొర మొలతాడుకు కట్టి ఉన్నట్టే లెక్క.

"అయ్యా, బాంచెన్, నక్షా తీసి చూడుండ్రి," అన్నాడు ఎల్లయ్య చేతులు జోడించి.

"నక్షాకు చెదలు పట్టిందిరా ఎల్లిగా. నేనేం చేత్తును? గెట్టు ఎప్పటి సంది గక్కడనే ఉంది. చెట్టంటవా, ఏం చెట్టు? నేనైతే చూడలె."

ఆరేళ్లు ఆ చెట్టు పండ్లు గంపలతో ఇంటికి తెప్పించుకుని తిన్న మనిషి ఆ మాట అన్నాడు. సంతోషమ్మకు ఒళ్లు మండిపోయింది.

"నువ్వు చూడకుంటేంది? పట్నపోళ్లు చూసిన్రు! చెట్టు యాడుందో గీసిన బొమ్మ నా తాన ఉంది. తహసీల్దారుకు అర్జీ పెడ్త. గుండు కింద చెట్టు, చెట్టు కింద హద్దు. గప్పుడు మాట్లాడు!"

రామచంద్రయ్య మొహంలో కాస్త రంగు మారింది. ఎల్లయ్య మొహంలోకి కాస్త రంగు వచ్చింది. పాపం, దారి పొడుగునా బిడ్డ చదువును మెచ్చుకుంటూ నడిచాడు.

అర్జీ అందిన నెలకు తహసీల్దారు గుర్రం మీద వచ్చాడు. కొత్తగా బదిలీ మీద వచ్చినవాడు. నెరిసిన గడ్డం, చిరచిరలాడే మొహం, వెంట ఒక మున్షీ. ముందురోజు జల్లు పడి ఆగడంతో ఆ పొద్దుట ఎండ తేటగా కాస్తోంది. అందరూ పెద్దబండ ఎక్కారు. గొడుగు పట్టుకుని రామచంద్రయ్య, తలగుడ్డ చేతిలో పట్టుకుని ఎల్లయ్య, అద్దం పగలకుండా బొమ్మను గుడ్డలో చుట్టి పట్టుకున్న ఎడిత్ దొరసాని. కింద బావి దగ్గర దొర మనుషులు పని ఆపి పైకే చూస్తున్నారు.

తహసీల్దారు బొమ్మను రెండు చేతులతో ఎత్తి పట్టుకున్నాడు. బొమ్మను చూశాడు, చేనును చూశాడు. "వాహ్," అన్నాడు. "ఏం చెయ్యి! ఏం బారీకు పని!" మళ్లీ చూశాడు. కనుబొమలు ముడిపడ్డాయి. ఎదుట గుట్ట మీది గుండుకు వేలు గురిపెట్టి, ఆ వేలిని మెల్లగా కుడికి, బొమ్మలో చెట్టు ఉన్న చోటికి తెచ్చి ఆపాడు. వేలు సరిగ్గా దొర బావి మీద ఆగింది.

అప్పుడు గుర్తొచ్చింది సంతోషమ్మకు. దొరసాని మాట మీద చెట్టును జరిపింది తన చెయ్యే.

రామచంద్రయ్యకు ఆ అవకాశం చాలు. గొడుగు కింద పెట్టి మరీ నవ్వాడు. "హుజూర్, ఈ పిల్ల చెట్టు బాయిల మొలిచిందట! నీళ్లల్ల నేరేడు! మోటతోని పండ్లు తోడుకునేటోళ్లేమో!"

తహసీల్దారూ, మున్షీ నవ్వారు. కింద దొర మనుషులు ఎందుకో తెలియకుండానే నవ్వారు. ఎల్లయ్య ఒక్కడే నవ్వనివాడు. బొమ్మ వైపు, కూతురి వైపు మార్చి మార్చి చూశాడు. ఆ చూపు నవ్వు కంటే ఎక్కువ కోసింది.

"నేను జరిపిన," అంది సంతోషమ్మ. "చెట్టు గుండు కిందనే ఉండె. బొమ్మ మంచిగ కనవడాలని కుడికి జరిపిన. బాయిని గీయలె. దొరసాని జరుపుమంది. అడుగుండ్రి."

తహసీల్దారు దొరసాని వైపు తిరిగాడు. ఆమె ఒక్కమాట అంటే చాలు. జరపమన్నాను, చెట్టు ఇక్కడ ఉండేది అంటే చాలు. తెల్లదొరసాని మాటను కాదనే తహసీల్దారు ఎక్కడున్నాడు? కాని మిషను దవాఖాన కట్టుకోవడానికి ఊరి మొగదల స్థలం ఇస్తానని బాల్‌రెడ్డి దొర నెల కిందటే మాట ఇచ్చి ఉన్నాడు. దొరసాని మెడలో సిలువను వేళ్లతో తిప్పింది. గుట్ట వైపు చూసింది.

"చాలా రోజులయింది," అంది. "నాకు గుర్తు లేదు."

గోరుచుట్టు మీద రోకటిపోటంటే అది. సంతోషమ్మకు దొర మీద కోపం వేరు, వాడు ఎలాంటివాడో పుట్టినప్పటి నుంచి తెలుసు. పట్వారీ మీద కోపం వేరు. ఈ కోపం అలాంటిది కాదు. చెయ్యి పట్టి గీత దిద్దిన మనిషి, దేవుడు చూస్తుంటాడని ప్రతి ఆదివారం చెప్పే మనిషి, కళ్లెదుట చెయ్యి విదిలించుకుంది.

తహసీల్దారు బొమ్మను మున్షీ చేతిలో పడేశాడు. "బొమ్మల చెట్టును జరిపినదానివి, మాటల చెట్టును జరపవా? ఎట్ల నమ్మాలె?"

"కాగితం ఇయ్యుండ్రి," అంది సంతోషమ్మ. "నా కండ్ల ముందు ఏముందో గది గీస్త. ఒక్క గీత జరిపినా నా చెయ్యి నరకుండ్రి."

తహసీల్దారుకు కోపం రావాల్సింది. వినోదం అనిపించిందో, పట్వారీల అబద్ధాలకు విసిగి ఉన్నాడో, చెయ్యి ఊపాడు. "గీయనియ్. చాయ్ తాగేదాక టైమిస్తున్న."

మున్షీ దగ్గర ఉన్నది పాళీ కాదు, బొంగు కలం. గీత లావుగా పడుతుంది. ఆమె బండ మీదే మోకాళ్లు మడిచి కూర్చుని గీసింది. గుండును గుండు ఉన్న చోటే గీసింది. బావిని గీసింది, మోటను గీసింది, పేడ వేస్తున్న ఎద్దును గీసింది, పట్వారీ గొడుగును గీసింది. అందం గంగలో కలవనీ. కలం కాగితాన్ని చీల్చేలా పోతోంది. చివరికి దున్నిన నేలకు వచ్చింది. తడిసిన నల్లరేగడి, ముదురు నీడ, అందుకని గీత మీద గీత అడ్డంగా వేసుకుంటూ ఎడమ నుంచి వచ్చింది. గుండు కిందికి వచ్చేసరికి చెయ్యి ఆగింది.

అక్కడ గీత పడాల్సిన అవసరం కనబడలేదు. కళ్లు చికిలించి మళ్లీ చూసింది. నిన్నటి జల్లుకు రేగడి అంతా తడిని పట్టుకుని నల్లగా ఉంది. గుండు కింద మాత్రం ఒక సన్నని పట్టీ, చేను ఈ మొదలు నుంచి ఆ చివరి దాకా, ఆరిపోయి పాలిపోయి ఉంది. చేనులో నిలబడి చూస్తే కనబడదు. బండ మీది నుంచి చూసినా, నీడనూ వెలుతురునూ గీతల్లో తూచడం అలవాటైన కంటికే కనబడుతుంది. ఆమె ఆ పట్టీని గీయలేదు. అటు గీసింది, ఇటు గీసింది, నడుమ కాగితాన్ని వదిలేసింది. లేచి, సిరా ఆరకముందే తహసీల్దారు ముందు పట్టింది.

"ఇదేంది, తెల్లగ ఇడిచిపెట్టినవ్?"

"నన్నడుగుతరేంది? నేలనడుగుండ్రి."

తహసీల్దారు తల ఎత్తి చూశాడు. ఒకసారి చూశాక ఇక చూడకుండా ఉండలేం. నల్లటి దుక్కిలో ఆ తెల్లటి దారి అందరికీ కనబడింది. మున్షీ "అరె!" అన్నాడు. ఎల్లయ్య మాత్రం వెక్కివెక్కి ఏడుస్తూ చెప్పాడు. "అయ్యా, గది మొరం! మా నాయిన గుట్ట కిందికెళ్లి బండ్ల మీద తెచ్చి గెట్టు పోసిండు. రేగడి నీళ్లు పట్టుకుంటది, మొరం పట్టదు. ఆరు నాగండ్లు గాదు, అరవై కట్టినా మొరం రేగడైతదా?"

తహసీల్దారు బండ దిగి, పట్టీ వెంట నడిచి, గుండు కింద బొమ్మలో గీతలు లేని చోట మడమతో కొట్టి, తవ్వమన్నాడు. రెండు జానల లోతులో తెగిన వేరు దొరికింది, ఇంకా లోపల ఎర్రగా ఉంది. ఆయన దాన్ని పట్వారీ గొడుగులో వేశాడు. "చెట్టు చూడలేదంటివి కద రామచంద్రయ్యా. ఇప్పుడు చూడు." తనను నవ్వించి మరీ మోసం చేయబోయిన మనిషి మీద ఆయనకు వచ్చిన కోపం, ఎల్లయ్యకు జరిగిన అన్యాయం మీద వచ్చినదానికంటే ఎక్కువని నేననుకుంటాను. ఏదైతేనేం, పొద్దెక్కకముందే పాత గెట్టు మీద హద్దురాళ్లు పాతమని హుకుం అయింది. కొట్టిన చెట్టుకు మాత్రం ఏ హుకుమూ లేదు. దాని మాను అప్పటికే దూలాలై గడీలో ఉంది. దొర దీన్ని మరిచిపోతాడా అంటే, మరిచిపోడు. ఆ సంగతి ఎల్లయ్యకూ తెలుసు, సంతోషమ్మకూ తెలుసు.

అందరూ కిందికి దిగాక ఎడిత్ దొరసాని ఆమె దగ్గరికి వచ్చింది. అద్దం బొమ్మ మళ్లీ గుడ్డలో చుట్టుకుని ఉంది. మొహం ఎర్రబడి ఉంది, ఎండకో, మరిదేనికో.

"దేవునికి స్తోత్రం. మీ భూమి మీకు వచ్చింది. ఇంకా నా మీద కోపం ఎందుకు సంతోషమ్మా?"

సంతోషమ్మ చేతులకు అంటిన సిరాను చీర చెంగుకు తుడుచుకుంది.

"చెట్టును గొడ్డలితోని నరికింది దొర. కాగితం మీద జాగ తప్పించింది మనిద్దరం. నా పాపం నేను నలుగుట్ల ఒప్పుకున్న, నవ్విపిచ్చుకున్న. నువ్వు ఒక్క మాట అననీకి ఎనుకాడినవ్. మా బాపు తలగుడ్డ చేతిల పట్టుకుని నీ దిక్కే చూసిండు. గది నీకు గుర్తుంటదా, గది గూడ మరుస్తవా?"

కింద నుంచి ఎల్లయ్య హద్దురాయి పట్టమని కేక వేశాడు. సంతోషమ్మ దిగిపోయింది.